ఇంటావిడ ఫ్రిజ్‌లో బుష్‌లు

నేను కులాసా. పని పోతుందన్న బెంగ ఇక మానెయ్. కీళ్ల దగ్గరి పిన్నులు, వాటి చుట్టూ తొడిగే ఇనుప గొట్టాలు, అదే బుష్‌లు, అరిగి మట్టి ఎత్తే బకెట్ గడగడలాడుతుంటే, నేను నడిపే లోడరును తుక్కుకు అమ్మేస్తానన్నాడు యజమాని. నేనే మారుస్తానన్నాను. చల్లబడితే ఇనుము కాస్త కుంచించుకుని గూట్లోకి సులువుగా దిగుతుందని, కొత్త బుష్‌లను నేను అద్దెకుంటున్న ఇంటావిడ ఫ్రిజ్‌లో ఐసు పక్కన పెట్టాను. ఆవిడ చూసి, "ఏం నాయనా, ఇవి ఉడకబెట్టుకుంటావా, వేయించుకుంటావా?" అంది. అన్నీ చక్కగా దిగాయి. లోడరు ఎక్కి చూసిన యజమాని, "చప్పుడేదయ్యా? బకెట్ ఉందా, ఊడిపోయిందా?" అన్నాడు. ఇక అమ్మడట.

అమ్మ మోకాలి మందు అయిపోకముందే తెప్పించు. చంటిదానికి పళ్లొచ్చాయా? పిల్లలకు నా దీవెనలు. వచ్చే నెల వస్తాను. మన వీధి తలుపు ఇంకా కిర్రుమంటోందా? దానికి మాత్రం నూనె వెయ్యకు. ఆ చప్పుడైతేనే నువ్వు తలుపు తీసినట్టు నాకు.