పారిస్ ప్లేటు, పుంజు గొంతు

మోంబ్రాక్, గాస్కనీ
1909 ఫిబ్రవరి

చిరంజీవి ఫిర్మిన్‌కు పెద్దమ్మ ఫిలొమెన్ ముద్దులతోనూ కొంత దిగులుతోనూ రాయునది.

నువ్వు పంపిన పాటలపెట్టె, నువ్వు పాడిన ప్లేటు పగలకుండా చేరాయి. ఆదివారం పూజ అయ్యాక ఊరంతా మన వంటింట్లోనే ఉంది. ఫాదర్ గారికి కుర్చీ వేశాను. నీకు కాబోయే మామగారు, మిల్లు బొర్దెనావ్, పొయ్యి పక్కన బల్ల మీద బైఠాయించాడు. యంత్రాలంటే నాకు హడలు గనక కీ ఇవ్వడం దగ్గర్నుంచీ అన్నీ అతని కూతురు క్లెమాన్సే చూసుకుంది. పిండిమర నడిపే పిల్ల కదా, చెయ్యి తడబడలేదు.

ఇంతకీ పాడిందెవర్రా? నువ్వు చర్చిలో నోరు విప్పితే కిటికీ అద్దాలు గలగలమనేవి. ఈ పెట్టెలో నీ పాటలోని ముసలిరాజు శాపం పెడుతుంటే మేకపిల్ల పాలకు ఏడ్చినట్టుంది. ఎవరూ నవ్వలేదు, అందుకే నాకు భయం వేసింది. బొర్దెనావ్ లేచి టోపీ పెట్టుకుని, "ఫిలొమెనక్కా, పుంజు గొంతు సన్నబడితే దానర్థం నీకొకరు చెప్పాలా?" అని వెళ్లిపోయాడు.

అక్కర్లేదు. క్రిస్మస్ విందులకు పుంజుల విత్తులు తీసి బలిపించడంలో ఈ చుట్టుపక్కల నా చెయ్యి తర్వాతే ఎవరిదైనా. అలాంటి పుంజు మరి కూయదు. కూసినా ఆ ప్లేటులాగే కూస్తుంది.

నీ క్షేమం కోరే
పెద్దమ్మ

తా.క.: పోయిన ఏడాది పారిస్ డాక్టరు చిన్న కోత కోశాడనీ, ఇప్పుడు హాయిగా ఉందనీ రాశావు. ఎక్కడ కోశాడో రాయలేదు.


పారిస్
మార్చి

నన్ను పెంచి ఇంతవాణ్ణి చేసిన పెద్దమ్మకు నమస్కారాలు.

కోత గొంతులో పెద్దమ్మా, గొంతులో. టాన్సిల్స్ తీశారు. తక్కినవన్నీ దేవుడిచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి, బొర్దెనావ్ గారికి మనవి చెయ్యి.

ఆ ప్లేటు కోసం నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఇత్తడి బాకాలోకి తల దూర్చి పాడాలి. గొంతు పెంచినప్పుడల్లా వెనక నించున్నవాడు కోటు పట్టి లాగేస్తాడు, లేకపోతే పాట గీసుకునే మైనం పాడవుతుందట. ఇంత చేసి పాట చివరికొచ్చాక మైనం మీద ఈగ వాలింది. మళ్లీ మొదటికొచ్చాం. అయినా ఇక్కడ దుకాణంలో వేసి వింటే రాజు రాజులాగే గర్జించాడు. లోపం మీ పెట్టెలోనే ఉంది. ప్లేటును తిప్పే పళ్లెం కింద చిన్న మర ఉంటుంది. ఎడమకు తిప్పితే పళ్లెం నెమ్మదిస్తుంది, గొంతు కిందికి దిగుతుంది. కుడికి తిప్పితే పరుగు తీస్తుంది, గొంతు సన్నబడుతుంది. క్లెమాన్స్‌కి చెప్పు, చేస్తుంది.

పెళ్లి సంగతి నాకు గుర్తుంది. ఇంకా కొన్ని ప్లేట్లు పాడాలి, అవి కాగానే వస్తాను. పెళ్లి ఎక్కడికి పోతుంది?

మీ
ఫిర్మిన్

తా.క.: కోటు వెనక చిరిగింది. కుట్టిపెట్టడానికి క్లెమాన్స్ ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది. ఈ మాట తనకు చెప్పకు.


మోంబ్రాక్
మార్చి

నాయనా ఫిర్మిన్,

నీ ఉత్తరం అందరికీ వినపడేలా చదివాను. తా.క. కూడా చదివేశాను, నోరు ఆగలేదు. క్లెమాన్స్ లేచి మర తిప్పింది. అంతవరకూ మేకపిల్ల, ఇప్పుడు ఎలుకపిల్ల. ఫాదర్ గారు సిలువ గీసుకున్నారు.

ఇక బొర్దెనావ్ ఆగలేదు. తన తర్వాత మిల్లు తిప్పడానికి మనవడు కావాలట. "ఈ మూడేళ్లూ ఆ ప్లేటు కాగానే, ఈ ప్లేటు కాగానే అన్నాడు. ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది," అని పొగాకు కొట్టువాళ్ల అబ్బాయిని భోజనానికి పిలిచాడు. నీకేమో బుట్టెడు అక్రోట్లు పంపుతున్నాడు. మన వైపు పెళ్లికొడుక్కి అక్రోట్లు పెడితే ఏమిటో నీకు తెలుసు: పిల్లనివ్వం, లేచి వెళ్లమని.

వింతేమిటంటే క్లెమాన్స్ కంట నీరు లేదు. మిల్లులో కూనిరాగం తీస్తోంది. పిచ్చిదైపోయిందేమోనని నా బెంగ.

నీ
పెద్దమ్మ

తా.క.: అక్రోట్లు మంచివే. దారిలో తగ్గలేదు, నేనే తిన్నాను.


పారిస్
ఏప్రిల్

పెద్దమ్మా,

ప్లేట్లు గంగలో కలిసినా సరే, శనివారం రైలుకు వస్తున్నాను. ఆదివారం పూజలో పాడతాను. బొర్దెనావ్ గారిని ముందు బెంచీలో కూర్చోబెట్టు. ఇంకా రుజువు కావాలంటే పెళ్లి చేసి తొమ్మిది నెలలు ఓపిక పట్టమను.

క్లెమాన్స్ నాకు కావాలి. ఇన్నాళ్లూ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. మూర్ఖుణ్ణి.

ఫిర్మిన్

తా.క.: అక్రోట్లు ముట్టలేదు. తిరిగి ఇచ్చేయడానికి తెస్తున్నాను.


మోంబ్రాక్
జూన్

చిరంజీవులు ఫిర్మిన్, క్లెమాన్స్‌లకు పెద్దమ్మ దీవెనలు.

మీరు పారిస్ క్షేమంగా చేరినందుకు సంతోషం. ఆ ఆదివారం చర్చిలో నీ పాటకు రాలిన కిటికీ అద్దం ముక్కను బొర్దెనావ్ జేబులో పెట్టుకుని, మిల్లుకొచ్చిన ప్రతివాడికీ "మా అల్లుడి పనే" అని చూపిస్తున్నాడు.

మీరు వెళ్లాక ఇల్లు బావురుమంటే, ధైర్యం చేసి ఆ పెట్టె నేనే ముట్టుకున్నాను. పళ్లెం కింద తడిమితే మర కుడి చివరిదాకా బిగించి ఉంది. పిండిమర తిప్పే చెయ్యి కాకపోతే అంత బిగుసుకోదు. ఎడమకు తిప్పాను. ముసలిరాజు గర్జించాడు, అలమర్లో పింగాణీ కదిలింది.

అమ్మా క్లెమాన్స్, పుంజును గూటికి రప్పించడం నాకే తెలుసనుకున్నాను. మీ నాన్నతో అననులే. నీ మొగుడికి చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం. ఈ ఉత్తరం ముందు నువ్వే విప్పుతావని తెలిసే రాస్తున్నాను.

మీ
పెద్దమ్మ

తా.క.: మరను మళ్లీ కుడికి తిప్పేశాను. ఈసారి ఒంటరిగా విన్నాను, నవ్వూ రాలేదు, భయమూ వేయలేదు. తల్లి పోయాక నా దగ్గరికొచ్చి, చర్చిలో నా పావడా పట్టుకుని పాడిన చిన్న ఫిర్మిన్ గొంతు అది. పాట అయిపోగానే, సూప్ చల్లారిపోతోంది రారా అని కేకేశాను.