సరిచూసేవాళ్ళు వేరే ఉండాలి

మార్చి 9, ఆదివారం

అక్కయ్యకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అంతా క్షేమం. నీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. మీ మరిది కులాసా.

ఇళ్ళు ఖాళీ చేయించే చట్టం మీద కేసు నీ బెంచి ముందుకు వచ్చిన రోజు ఫోన్ చేసి, అంతా తేలేదాకా రాకపోకలు వద్దు, ఉత్తరమూ వద్దన్నావు. ఆ చట్టం ముసాయిదా రాసింది మీ మరిదే కాబట్టి, ఆయన ఇంట్లో నువ్వు కాఫీ తాగినా తప్పేనన్నావు. రెండేళ్ళూ ఆ మాట మీదే ఉన్నాను. ఆ చట్టం చెల్లదన్న మీ తీర్పు మీద ప్రభుత్వం వేసిన రివ్యూ పిటిషన్ కూడా కొట్టేశారని నిన్న పేపర్లో చదివి, ఇవాళ రాయడానికి కూర్చున్నాను.

ఆ ముసాయిదా మా భోజనాల బల్ల మీదే తయారైంది. ఇళ్ళు ఖాళీ చేయించే ఉత్తర్వులను ఏ కోర్టూ విచారించరాదన్న వాక్యం ఆయన నాకు చదివి వినిపించి, ఎంత పకడ్బందీగా ఉందో చూడమన్నారు. నీకు తెలుసుగా, ఇంటి పద్దులు నేను రాస్తే ఆయన సరిచూస్తారు. ఒకసారి నేనే కూడి నేనే టిక్కులు పెట్టుకుంటే, దొంగా నువ్వే పోలీసూ నువ్వేనా అని వారం రోజులు ఆటపట్టించారు. ఆ మాటే ఆయనకు తిప్పి చెప్పాను. చట్టం రాసేదీ మీవాళ్ళే, ఇళ్ళు ఖాళీ చేయించేదీ మీవాళ్ళే, తప్పు జరిగితే సరిచూసేదీ మీవాళ్ళేనా అని అడిగాను. ఆయన నవ్వలేదు. జనం ఎన్నుకున్నవాళ్ళు చేసిన చట్టాన్ని ఎవరూ ఎన్నుకోని నలుగురు కొట్టేయడం ఏం న్యాయమన్నారు. అదీ ఆలోచించాల్సిన మాటే అనిపించింది. కానీ రేపు మన తలుపుకే ఆ నోటీసు అంటిస్తే ఎవరితో చెప్పుకోవాలని అడిగితే, కాగితాలు సర్దుకుని లేచారు.

తీర్పు పేపర్లో వేసినంత మేరకు చదివాను. చట్టం చేసే సభ, ఆ చట్టం రాజ్యాంగానికి లోబడి ఉందో లేదో కూడా తానే తేల్చుకోరాదని రాశావు. ఇది మా బల్ల దగ్గర మాటేనని ఆయనతో చెప్పబోయి, పక్కకు చూశాను.

కిటికీ దగ్గర నీ కుర్చీ అలాగే ఉంది. దానికి కొత్త దిండు కుట్టాను. వీలు చూసుకుని రా.

నీ చెల్లెలు

తా.క. మీ మరిది కులాసా అని రాశాను. కులాసాగానే ఉన్నారట, ఆఫీసు క్వార్టర్లో ఉంటున్నారు. వాదనలు మొదలైన వారం, అక్కతో ఒక్క మాట చెప్పి చూడమన్నారు. చెప్పనన్నాను. పెట్టె సర్దుకున్నారు. ఆ సంగతి అప్పుడే తెలిస్తే తీర్పు రాసే నీ చెయ్యి ఎటో ఒకవైపు ఒరుగుతుందని భయపడి ఊరుకున్నాను. ఇప్పుడీ ఇంట్లో ప్రభుత్వం మనిషెవరూ లేరు. నువ్వు నిశ్చింతగా కాఫీ తాగవచ్చు.