మంచుదేశపు కుక్కకు గొర్రెల కత్తెర

ఆదిలాబాద్, 1959 ఏప్రిల్, గురువారం

బడి నుంచి వచ్చేసరికి బాపు, గొర్రెల బొచ్చు తీసే కత్తెరతో నా కుక్కను నున్నగా గొరిగి కూర్చున్నాడు.

ఎవరో ఆఫీసరు వదిలేసి పోతే పశువుల దవాఖానలో పడి ఉన్న ముసలి మంచుదేశపు కుక్క అది. తెచ్చుకుని పది రోజులైంది. ఆ బొచ్చే దాన్ని ఎండ నుంచి కాపాడుతుంది, తీయొద్దని డాక్టరు మరీ మరీ చెప్పారు. ఇప్పుడు తోలు ఎర్రగా కమిలింది. నన్ను కూడా దగ్గరికి రానీయడం లేదు.

"నిన్నెవరు గొరగమన్నరు?" అని అరిచాను.

"గింత ఎండల గంత బొచ్చేంది బిడ్డా? పాపమనిపించింది. ఒక్క గాటన్న పడ్డదా సూడు."

అవ్వ అందుకుంది. "కుక్క కోసం బాపు మీద ఒర్రుతున్నవా? గింతేనా నీ సదువు?"

"డాక్టరు చెప్పింది పెద్ద అక్షరాలతో రాసి తలుపుకు అంటించిన గదా!"

బాపు తలుపు వైపు చూశాడు. "ఏదో బడి కాయితమనుకున్న. అండ్ల ఏమున్నదో మాకు సదివి జెప్పినవా?"

చెప్పలేదు. ఈ ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే అని ఎట్లా మరిచిపోయాను? బాపు మీద కోపం పోలేదు. నా మీద అంతకు రెండింతలుంది. కుక్క మాత్రం ఇంతవరకు నీళ్లు ముట్టలేదు...