తొమ్మిదింపావు ఫిర్యాదు

శాంతమ్మక్కా,

మీరు ఫోను ఎత్తడం లేదు. అందుకే మీ పక్కింటి కావ్య చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మీరు అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు.

ఆవిరి పైపు కారుతోందని మీరు పొద్దున తొమ్మిదింపావుకే ఫ్యాక్టరీ కంప్యూటర్లో ఫిర్యాదు ఎక్కించారు. పన్నెండుకి పైపు పగిలి, మీతో పనిచేసే హర్షిత చేతులు కాలాయి. రికార్డులో మాత్రం మీ ఫిర్యాదు టైము రెండున్నర. ప్రమాదం అయ్యాక రాసి తప్పించుకుంటున్నారని మిమ్మల్ని పనిలోంచి ఆపేశారు.

ఆ రెండున్నర నా నిర్వాకం అక్కా. మీ ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్ చూసేది బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్‌లో మా ఆఫీసే, అక్కణ్ణుంచి ఆ రోజు రెండున్నరకి ఫిర్యాదులన్నిటికీ ఫ్లోరు నంబరు చేర్చాను. ఫిర్యాదులో ఏ గడి మార్చినా టైము దానంతటదే కొత్తదైపోయేలా కంప్యూటర్లో ఆ ఫిర్యాదుల పట్టిక తయారుచేసిందీ నేనే. ఇప్పుడన్నిటికీ రెండున్నరే. పాత టైము ఎక్కడా మిగల్లేదు, బ్యాకప్ కూడా ముందురోజుదే. మీ యజమానికి అంతా చెప్పాను. మరి ఆవిడ ముందే రాసిందనడానికి రుజువేదీ అంటున్నాడు.

మీరు ప్రతి ఫిర్యాదూ టైముతో సహా చిన్న నోటుబుక్కులో రాసుకునేవారు. "రాసిపెట్టుకుంటే ధైర్యంగా ఉంటాదప్పా" అంటే నవ్వాను. కంప్యూటరు మర్చిపోదు, ఆ పుస్తకం పారేయండి అన్నాను.

నా మాట వినలేదని చెప్పండి అక్కా.