ఒక్క పూట, రెండు వంటిళ్లు

రమ్లా, కెర్కెన్నా దీవి
మార్చి 4

ట్యూనిస్‌లో ఏడు కిటికీల భోజనశాల మేనేజరు రవూఫ్ గారికి,

సహ్బీ తల్లి సాల్హా సలాం చెప్పి రాస్తున్నది. నా చదువు నాలుగో తరగతితో ఆగింది, తప్పులుంటే సర్దుకో నాయనా.

మా సహ్బీ మీ వంటింట్లో రెండేళ్లు చేశాడు. తర్వాత మీ ఊళ్లోనే, లా మార్సా ఒడ్డున ఉన్న నిమ్మతోట అనే భోజనశాలలో మూడేళ్లు. పోయినేడాది చలికాలం గుండె ఆగి పోయాడు. వాడికి ముప్పై ఒకటి. వాడు వండిన గొప్ప భోజనం నేను ఒక్కనాడూ తినలేదు. ఇంటికొస్తే నేనే వండి పెట్టేదాన్ని, వాణ్ణి పొయ్యి దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు.

ఇప్పుడు మా అమ్మాయి హనేన్ అంటుంది, "అమ్మా, ఆ రెండింట్లో ఒకచోట తిందువుగాని, నేను తీసుకెళ్తా. రెండూ అంటే నావల్ల కాదు" అని. ఒక్కటే పూట. వాడి చెయ్యి ఎక్కడ ఇంకా మిగిలుందో అక్కడికే రావాలి. మీ దగ్గరా, వాళ్ల దగ్గరా? నువ్వే చెప్పు. మా చేపల బజారులో హ్మీదాని అడిగితే "ఇవాళ నావి బాగాలేవు, బషీర్ దగ్గరికెళ్లు" అంటాడు. అందుకే నిన్ను అడుగుతున్నా.

ఇట్లు,
సాల్హా

తా.క.: బషీర్ని అడిగితే మాత్రం చచ్చినా హ్మీదా పేరు చెప్పడు. నువ్వు హ్మీదా లాంటివాడివని నమ్ముతున్నా.

*

ట్యూనిస్
మార్చి 11

గౌరవనీయ అతిథి సాల్హా గారికి,

మా భోజనశాలను ఎంచుకున్నందుకు కృతజ్ఞతలు. ఏప్రిల్ 19 మధ్యాహ్నం ఇద్దరికి బల్ల కేటాయించాము. మొత్తం పదకొండు వంటకాలు, ఒక్కొక్కటి ఒకటి రెండు ముద్దలు, మూడు గంటలపాటు వరుసగా వస్తాయి. ఏవి వడ్డించాలన్నది మా వంటవారే నిర్ణయిస్తారు. మీరు తినని పదార్థాలుంటే ముందుగా తెలియజేయగలరు. ఇతర భోజనశాలల గురించి అభిప్రాయం చెప్పడం మా పద్ధతి కాదు.

భవదీయుడు,
రవూఫ్ జరూక్, మేనేజరు

తా.క.: ప్రత్యేక సందర్భమైతే తెలుపగలరు, చివరి పళ్లెంలో కొవ్వొత్తి పెట్టిస్తాము.

*

రమ్లా
మార్చి 17

రవూఫ్ నాయనా,

నేను ఎంచుకోలేదయ్యా, అడిగాను. ఆ "గౌరవనీయ" కూడా వద్దు. ఖాల్తీ అను చాలు, ఈ దీవిలో అందరికీ నేను పిన్నినే.

ఒక్కో వంట ఒక్కో ముద్ద అన్నావు. చదివి మనసు చివుక్కుమంది. అంత పెద్ద భోజనశాలకి ఏం కష్టం వచ్చింది? సరుకు అందడం లేదా? హనేన్ "అది ఫ్యాషనమ్మా" అంటోంది. నేను దిగులు పడతానని అలా అంటోందిలే. ఎండబెట్టిన ఆక్టోపస్‌లు నాలుగు, బార్లీ రవ్వ ఒక సంచీ పడవలో పంపుతున్నా. తీసుకోవడానికి సిగ్గుపడకు.

నేను తిననిదంటూ లేదు. కానీ ఒక్కసారి అడిగితే తినను. రెండుసార్లు వద్దనాలి, మూడోసారి బలవంతపెడితే తినాలి, మా దగ్గర మర్యాద అది. మా పక్కింటి మహ్బూబా కొడుకు పెళ్లి మాటలకని నిమ్మతోటకి వెళ్లింది. పళ్లెం పెట్టగానే "అయ్యో, నాకెందుకు బాబూ, వద్దు" అంది. వడ్డించే ఆయన "అలాగేనమ్మా" అని తీసుకుపోయాడట! తొమ్మిది పళ్లేలు వచ్చాయి, తొమ్మిదీ వెళ్లిపోయాయి. బయటికొచ్చి రొట్టె కొనుక్కుని తింది. మీవాళ్లు ఎన్నిసార్లు అడుగుతారు?

ఇట్లు,
సాల్హా

తా.క.: కొవ్వొత్తి వద్దు. కరెంటు పోతే చీకట్లోనే తింటాను, నాకు అలవాటే.

*

ట్యూనిస్
మార్చి 25

గౌరవనీయులు సాల్హా ఖాల్తీ గారికి,

మీరు పంపిన సరుకు నమూనాలు అందాయి. మాకు ఆక్టోపస్ అందించేవారు ఇప్పటికే ఉన్నారు. అయినప్పటికీ కిలో ధర, నెలకు ఎంత పంపగలరో తెలిపితే పరిశీలిస్తాము. మూడుసార్లు అడగమని వడ్డించేవారికి చెప్పాము.

భవదీయుడు,
రవూఫ్ జరూక్

తా.క.: నిన్న సాధన కోసం ఒక ఫ్రెంచి దంపతులను అలా అడిగాము. మూడోసారి అడిగేసరికి వారు లేచి వెళ్లిపోయారు.

*

రమ్లా
ఏప్రిల్ 1

రవూఫ్,

ధర అడుగుతావా? చుట్టం ఇంటికొస్తే కాటాలో పెట్టి తూస్తావా? అది నా కొడుకు స్నేహితులకి పంపిన తిండి. నువ్వు కాగితాలు చదువుతావు గాని మనిషి మాట చదవవు.

ఒక పని చెయ్యి. ఆ సంచీ నీ చేత్తో వంటింట్లోకి తీసుకెళ్లు. ఏమీ చెప్పకు. అది చూసి ఎవరైనా వాడి పేరెత్తితే మీ దగ్గరికే వస్తా. ఎత్తకపోతే ఆ సంగతీ దాచకుండా రాయి.

సాల్హా

*

ట్యూనిస్
ఏప్రిల్ 8

ఖాల్తీ,

సంచీ నేనే తీసుకెళ్లాను. మా పెద్ద వంటాయన జీలానీ ఒక ఆక్టోపస్ తీసి వాసన చూశాడు. చూసి స్టూలు మీద కూలబడ్డాడు. "ఇది సహ్బీ వాళ్ల ఇంటిది" అన్నాడు.

నీ మాట ప్రకారం నువ్వు మా దగ్గరికే రావాలి. కానీ మిగతాది కూడా విను. సహ్బీ ఇక్కడ ఆక్టోపస్, బార్లీ జావ చేసేవాడు. ఆరు నెలలు పెట్టాం. ఇంత ఖరీదైన బల్ల మీద పేదింటి జావ ఏమిటని నేనే తీయించాను. అందుకే వాడు వెళ్లిపోయాడు. నిమ్మతోటలో ఆ జావ ఈరోజుకీ పెడుతున్నారట. మా దగ్గర వాడి పేరు ఉంది. వాడి చెయ్యి అక్కడుంది. అక్కడికే వెళ్లు.

ఇక్కడ నీ బల్ల రద్దు చేశాను. అదే రోజుకి అక్కడ పెట్టించాను. సహ్బీ అక్కడికి వెళ్లాక ఆ మేనేజరుతో మాట్లాడటం ఇదే మొదలు. "మూడుసార్లు అడగండి" అంటే, నాకు మతి పోయిందనుకున్నాడు.

నీ
రవూఫ్

తా.క.: నేను బషీర్ లాంటివాణ్ణే ఖాల్తీ. ఈ ఒక్కసారికి హ్మీదాని అనుకో.

*

రమ్లా
ఏప్రిల్ 23

నాయనా రవూఫ్,

వెళ్లాను, తిన్నాను, వచ్చాను. మహ్బూబా సంగతి మనసులో ఉండి, మొదటిసారికే "పెట్టు బాబూ" అనేశా. హనేన్ నోరెళ్లబెట్టింది.

ఆరో పళ్లెం వాడి జావ. మూడు చెంచాలు. మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయాను. నాది కాదు. జీలకర్ర లేదు! మా ఇంట్లో ఆ జావలో నేను గుప్పెడు పోస్తాను. మర్చిపోయారేమోనని వంటామెని పిలిపించాను. రీమ్ అని, వాడి దగ్గరే నేర్చుకుందట. నేనెవరో తెలియక నవ్వుతూ చెప్పింది. "సహ్బీ వెయ్యనిచ్చేవాడు కాదమ్మా. 'మా అమ్మ జీలకర్ర పోస్తే లోపల ఆక్టోపస్‌ని వెతుక్కోవాలి, చిన్నప్పుడు సగం పిల్లికి పెట్టేవాణ్ణి' అనేవాడు."

ముప్పై ఏళ్లు నా ఎదుట కూర్చుని "ఇంకాస్త పెట్టమ్మా" అన్నాడు, దొంగ వెధవ!

ఏడాదిగా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ వాడు దేవదూత అన్నారు. నేనూ తల ఊపి ఏడ్చాను. ఆ బల్ల దగ్గర మాత్రం వాణ్ణి నోరారా తిట్టాను. పక్కవాళ్లు చూశారు. హనేన్ సిగ్గుపడింది. రీమ్‌కి విషయం అర్థమై ఏడ్చింది. నేను ఏడవలేదు. గిన్నె ఊడ్చి తిన్నాను.

ఇట్లు,
సహ్బీ తల్లి, నీ ఖాల్తీ
సాల్హా

తా.క.: నిన్న ఇంట్లో జీలకర్ర లేకుండా వండి చూశా. బాగుంది. ఆ మాట మాత్రం వాడికి చెప్పను.