మేస్త్రమ్మ మెట్లు

మహారాజశ్రీ ప్రిన్సిపాల్ గారి సముఖమునకు,
ఆఖరి సంవత్సరం ఆర్కిటెక్చరు విద్యార్థి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: జతగా చేసిన డిజైను ప్రాజెక్టు షీట్ల మీద నుండి, మరణించిన నా జత విద్యార్థిని పేరు తొలగించవలెనన్న ఆఫీసు వారి ఉత్తర్వు రద్దు చేయుట గురించియు, సదరు ప్రాజెక్టులోని మెట్ల వెడల్పు తగ్గించకుండుట గురించియు.

సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. ఈ సంవత్సరం మా తరగతికి ఇచ్చిన ప్రాజెక్టు, పెద్దాసుపత్రి పక్కనున్న ఖాళీ స్థలంలో రోగులకు తోడు వచ్చినవాళ్ళు ఉండడానికి ఒక విడిది. కింద వంటగది, స్నానాల గదులు, బట్టలు ఆరేసుకునే చోటు. పైన పడక గదులు. ఇద్దరిద్దరు కలిసి చేయాలన్నారు. చీట్లు తీస్తే నాకు జతగా వచ్చినది సదరు విద్యార్థిని. ఎక్కడ ఇల్లు కడుతున్నా వెళ్ళి నిలబడి, సిమెంటు చేతులతో తిరిగి వచ్చేది కనుక మా డ్రాయింగు స్టూడియోలో అందరూ ఆమెను మేస్త్రమ్మ అనేవారు. ఈ అర్జీలో కూడా అలాగే వ్రాయుటకు అనుమతించగలరు. అసలు పేరు వ్రాయబోతే చేయి ఆగిపోతున్నది.

2. పని పంచుకున్నప్పుడు గదులు, కిటికీలు, నీళ్ళ గొట్టాలు నా వంతుకు వచ్చినవి. వంటగది, వాకిలి, చెట్లు, మనుషుల బొమ్మలు ఆమెవి. మెట్ల దగ్గర మాత్రం మా ఇద్దరికీ పడలేదు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురుగా నిటారుగా లేచే పెద్ద మెట్లు గీశాను. ఆమె చూసి నవ్వింది.

“ఇది కోర్టా, విడిదా? నీ మెట్లు జనం ఎక్కరురా. కింద నిలబడి దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు.”

“అయితే నువ్వే గియ్యి.”

“గీస్తాను. నువ్వు మాత్రం వీటి జోలికి రాకు.”

నా మెట్లు రబ్బరుతో చెరిపేసి, ఆ చోట ఒక పెట్టె గీసి, మధ్యలో పెన్సిలుతో ‘నాది’ అని రాసింది. పెన్సిలు నొక్కిపట్టి రాయడం ఆమెకు అలవాటు. మర్నాడు జ్వరమని రాలేదు.

3. ఆమెను చేర్చింది ఆ పెద్దాసుపత్రిలోనే. మేము స్థలం కొలవడానికి వెళ్ళినప్పుడు, ఇన్ని కిటికీల వెనక ఇంతమంది ఉంటే వాళ్ళ వాళ్ళంతా ఎక్కడ పడుకుంటార్రా అని తలెత్తి చూసింది కదా, ఆ కిటికీల్లోనే ఒకదాని వెనక పడుకుంది. నేను చూడ్డానికి వెళ్తే ఒంట్లో ఎలా ఉందో చెప్పలేదు.

“మెట్లు గీశావా?” అంది.

“లేదు.”

“గియ్యకు. నాకు దొరికింది. వచ్చి నేనే గీస్తాను.”

ఏం దొరికిందని అడిగేలోపు దగ్గు తెర వచ్చింది. నర్సు నన్ను బయటికి పంపింది. ఆ తరువాత ఆమె రాలేదు. కబురు వచ్చింది.

4. అటు పిమ్మట స్టూడియో పరిస్థితి తమ దృష్టికి తేవలసి యున్నది. కిటికీ పక్కనున్న ఆమె బల్ల మీద ఎవరూ సంచి కూడా పెట్టరు. వాచ్‌మన్ సాయంత్రం అన్ని లైట్లూ ఆర్పి, ఆ బల్ల మీది లైటు ఒక్కటీ వదిలేసి వెళ్తున్నాడు. కరెంటు దండగ కదా అంటే, “ఆర్పితే తిడుతుంది బాబూ ఆ పిల్ల” అన్నాడు. తిట్టేది అనలేదు. తిడుతుంది అన్నాడు. వరండాలో ఎవరైనా ఆమెలా చెప్పులు ఈడ్చుకుంటూ నడిస్తే తరగతి మొత్తం తలుపు వైపు చూస్తుంది. తరువాత ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా పనిలో పడతాము. ఇది క్రమశిక్షణకు భంగమని ఎరుగుదును. ఆపడం మా చేతిలో లేదు.

5. నడిమి రివ్యూ నాడు షీట్లు గోడకు పెట్టాను. పైన గదులున్నాయి, మంచాలున్నాయి, దుప్పట్లు దాచుకునే అరలున్నాయి. మెట్ల చోట మాత్రం ఆ పెట్టె, అందులో ఆ మాట.

“పైకి ఎలా వెళ్తారయ్యా?” అని అడిగారు డిజైను సారు.

“మెట్లు ఇంకా గీయలేదు సార్.”

“మరి ఈ అమ్మాయి ఎలా వెళ్ళింది?”

సారు వేలు పెట్టిన చోట చూశాను. భవనం ముందు వైపు బొమ్మలో, పై అంతస్తు కిటికీలో, చిటికెన వేలి గోరంత అమ్మాయి నిలబడి ఉంది. జడ ముందుకు వేసుకుంది. భవనం ఎంత ఎత్తో తెలియడానికి మనుషుల బొమ్మలు వేయడం మా పనిలో మామూలే. అవన్నీ మేస్త్రమ్మే వేసేదని పైన మనవి చేసుకున్నాను. కానీ ఈ బొమ్మను అంతవరకు నేను చూడలేదు. ఆ షీటు ఎన్నాళ్ళుగానో నా బల్ల మీదే ఉంది. దాని మీద మోచేతులు ఆనించి పనిచేశాను.

ఎవరూ నవ్వలేదు. సారు ఆ గీత ఎవరిదో గుర్తుపట్టి, కాలినట్టు వేలు వెనక్కి తీసుకున్నారు.

ఆ రోజు నుంచి, దారి లేని ఆ అంతస్తులో ఆమె ఒక్కతే ఉండిపోయినట్టు నాకు తోచసాగింది. దిగడానికైనా మెట్లు కావాలి గదా అని గీయడానికి కూర్చునేవాణ్ణి. సగం గీసేసరికి ‘జోలికి రాకు’ అన్న మాట చెవి పక్కనే వినబడేది. చించేసేవాణ్ణి. నా హాజరు తగ్గుటకు కారణం ఇదే గాని అనారోగ్యం కాదు. సెలవు చీటీలో కడుపు నొప్పి అని వ్రాసినందుకు క్షమించగలరు.

6. ఇలా ఉండగా మేస్త్రమ్మ తల్లిగారు కూతురి సామాను తీసుకుపోవడానికి వచ్చారు. టీ స్క్వేరు, పెన్నుల డబ్బా, డ్రాయింగు బోర్డు సర్ది ఇచ్చాను. ఆవిడ బోర్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, నా బల్ల మీది షీట్ల వైపు చూసి, “ఇందులో మా పిల్ల చేసింది ఏది బాబూ?” అని అడిగారు.

వంటగది చూపించాను, చెట్లు చూపించాను. దాచడం ఇష్టం లేక ఆ పెట్టె కూడా చూపించాను.

“ఇక్కడేమీ లేదుగా నాయనా.”

“మెట్లు రావాలమ్మా. తనే గీస్తానంది. ఏదో దొరికిందని కూడా చెప్పింది. ఏమిటో నాకు తెలియదు.”

ఆవిడ ఆ ‘నాది’ మీద వేలు పెట్టి అలాగే ఉంచారు.

“ఆసుపత్రిలో నన్నొకటి అడిగింది,” అన్నారు. “‘రోజంతా ఎక్కడ కూర్చుంటున్నావమ్మా?’ అని. మెట్ల మీదే అన్నాను. దాని ముందు ఏడవలేక అక్కడికి పోయేదాన్ని. వార్డులో ఉండనివ్వరు. వరండాలో పడుకున్నవాళ్ళ మధ్య కాలు మోపే చోటుండదు. మెట్ల మీద కూర్చుంటే ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ‘జరగమ్మా, జరగమ్మా’ అంటూనే ఉంటారు. కడుపారా ఏడ్చిందీ లేదు. అదే చెప్పాను దానికి. కళ్ళు మూసుకుని వింది. ‘దొరికిందిలే’ అంది. ఏం దొరికిందే అంటే, నీకు చెప్పినా అర్థం కాదు పో అంది.”

నేను మెట్లంటే ఎక్కడానికే అనుకుంటూ వచ్చాను. ఆమె వాటి మీద కూర్చునేవాళ్ళ కోసం గీయబోయింది.

ఆ సమయంలో అడగకూడని మాట ఒకటి అడిగాను. “అమ్మా, అక్కడ ఎలా కూర్చునేవారో ఒక్కసారి కూర్చుని చూపిస్తారా?”

ఆవిడ లేచి వచ్చి స్టూడియో బయటి మెట్ల మీద కూర్చున్నారు. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, సంచి పక్కన పెట్టుకుని, తల గోడకు ఆనించారు. నేను టేపు పట్టుకుని సంచి అంచు దాకా కొలిచాను. తరువాత పక్క నుంచి ఎక్కాను, దిగాను. నేను దగ్గరికి రాగానే ఆవిడ అలవాటుగా ఒదిగిపోయేవారు.

“జరగకండమ్మా.”

“కాలు తగులుతుంది బాబూ.”

“తగలనివ్వండి. ఎంత తగులుతుందో అదే నాకు కావాలి.”

అప్పుడు ఆవిడ జరగలేదు. అక్కడే కూర్చుని ఏడ్చారు. తరగతికి పోయే మొదటి సంవత్సరం వాళ్ళు కింద నుంచి చూసి, చప్పుడు చేయకుండా చుట్టూ తిరిగి పోయారు. ఆవిడ ఏడుపు అయ్యేదాకా నేను పై మెట్టు మీద కూర్చున్నాను. టేపు చుట్టుకుపోతే చప్పుడవుతుందని దాన్ని అలాగే పట్టుకున్నాను.

7. ఆ కొలతతో మెట్లు గీశాను. గోడ పక్కన ఒక మనిషి సంచితో సహా కూర్చుంటే, ఆమెను కదపకుండా ఇద్దరు ఎదురెదురుగా పోవచ్చు. తల ఆనించుకునే చోట గోడ చల్లగా ఉండడానికి రాయి. మలుపులో కిటికీ. ఈ పని చేస్తున్నంతసేపూ ఎవరో నా భుజం మీదుగా వంగి చూస్తున్నట్టే ఉంది. వెనక్కి తిరగలేదు. భయపడి కాదు. తిరిగితే పోతుందేమోనని.

‘నాది’ అన్న మాటను రబ్బరుతో శుభ్రంగా చెరిపాను. కానీ మెట్లకు నీడ వేయడానికి పెన్సిలు పక్కకు వాల్చి రుద్దేసరికి, నొక్కి రాసిన ఆ అక్షరాలు నల్లటి నీడలో తెల్లగా పైకి తేలాయి. కాగితంలో సొట్ట పడితే అలా అవుతుందని తెలుసు. తెలిసినా బల్ల దగ్గర నుంచి లేచి బయటికి వెళ్ళిపోయాను.

డిజైను సారు చూసి ఎర్ర పెన్సిలు తీశారు. “మెట్లకింత చోటా? పైన రెండు గదులు మింగేశాయి. సగానికి కొయ్యి.”

“కొయ్యలేను సార్.”

“ఎవర్ని కొలిచి గీశావు?”

చెప్పాను. సారు పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. “నాకు అభ్యంతరం లేదయ్యా. మార్కులు వేసే జ్యూరీ వాళ్ళు నిబంధనలు పట్టుకుని కూర్చుంటారు. ప్రిన్సిపాల్ గారికి రాసుకో” అన్నారు.

8. పులి మీద పుట్రలా, షీట్లు అప్పగించడానికి ఆఫీసుకు పోతే గుమాస్తా గారు కింది మూల పేర్లు రాసే గడి చూసి ఆపేశారు.

“చనిపోయినవాళ్ళు ప్రాజెక్టు ఇవ్వడానికి లేదు బాబూ. ఆ పేరు గీకేసి తీసుకురా.”

“సగం పని తనదండీ.”

“అయితే సగం పని తీసేసి తీసుకురా.”

వారు చెడ్డవారు కారు. మంచినీళ్ళు కూడా ఇచ్చారు. బ్లేడు కూడా వారే ఇచ్చారు. నేను బల్ల దగ్గరికి వచ్చి బ్లేడు పేరు మీద పెట్టాను. ఒకసారి ఆమె పేరు మీద, ఒకసారి నా పేరు మీద. ఏదీ గీకలేదు. జత ప్రాజెక్టు గనుక ఈ అర్జీ మీద కూడా ఇద్దరి సంతకాలుండాలని వారే చెప్పారు. ఈ చిక్కు ఎలా విప్పాలో వారికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

కావున తమరు పెద్ద మనసు చేసుకొని, షీట్ల మీద ఇద్దరి పేర్లూ ఉండనివ్వవలెను. మెట్లు గీసినంత వెడల్పున ఉండనివ్వవలెను. రెండు గదులు తగ్గినందుకు మార్కులు కోయదలచినచో నా వంతులో కోయవలెను. జ్యూరీ నాడు పేర్లు పిలిచేటప్పుడు ముందు ఆమె పేరు పిలిచి, జవాబు రాదని తెలిసినా ఒక్క క్షణం ఆగి, తరువాత నన్ను పిలువవలెను. ఇవేవీ వీలుపడనిచో, నా పేరు కూడా గీకివేసి, ఎవరిదీ కాని పనిగా షీట్లు గోడకు పెట్టుటకు అనుమతించవలెను.

ఇంతకు మించి విన్నవించుకొను నేర్పు లేనివాడనై, తమ దయకే వదిలి, చిత్తగించవలెనని వేడుకొను

తమ విధేయుడు,
ఆఖరి సంవత్సరం విద్యార్థి (సంతకం)

రెండవ సంతకం:

తా.క.: ఇది కవరులో పెట్టబోతుండగా మేస్త్రమ్మ అమ్మగారు ఫోన్ చేశారు. మెట్లు గీశావా బాబూ అని అడిగారు. గీశానమ్మా అన్నాను. “మరి ఎప్పుడు కడతారు?” అన్నారు.

సార్, విద్యార్థులు గీసినవి ఎవరూ కట్టరు. మార్కులు వేసి, చుట్ట చుట్టి అటక మీద పడేస్తారు. ఆ సంగతి ఆవిడకు తెలియదు. కూతురూ చెప్పలేదు కాబోలు. నాకూ నోరు రాలేదు. కడతారమ్మా అనేశాను. “అయితే అయ్యాక చెప్పు. ఆ ఆసుపత్రి వైపు మళ్ళీ తొంగిచూడకూడదనుకున్నాను. దాని మెట్లయితే వస్తాను” అన్నారు.

ఎప్పుడో ఆవిడ కాలేజీకి కూడా ఫోన్ చేస్తారు. గుమాస్తా గారికి ఇవ్వకండి సార్. మీరే మాట్లాడండి. పని జరుగుతోందమ్మా అని చెప్పండి.