పుస్తకాల బీరువా వెనక జాలీ

అల్లుడుగారూ,

పుస్తకాల బీరువాను మళ్ళీ ఆ గోడకు జరపకండి. పొద్దున నేనూ అమ్మాయీ కలిసి ఇవతలికి లాగాం. దాని వెనకున్న పెద్ద జాలీలోంచి గాలి రావడం లేదని, అది దండగని మీరు మూసేశారు. అది గాలి వదిలే జాలీ కాదు, పీల్చే జాలీ. పైకప్పులో ఉన్న జాలీలు చల్లగాలి వదలాలంటే ఇది గదిలో గాలిని లాగి ఏసీ మిషన్‌కు అందించాలి. ముక్కు మూసేసి ఊదమంటే మీరెంతసేపు ఊదుతారు?

నెలరోజులుగా మిషన్ పాడైందని, కొత్తది కొనాలని ఒకటే ఉపన్యాసం. పసిదానికేమో ఒళ్ళంతా చెమటకాయలు. అన్ని పుస్తకాలు చదివారు, వాటి వెనక ఏముందో చూడాలని తోచలేదు. నేను నోరు తెరవబోతే "మీకు తెలీదులెండి మామయ్యగారూ" అన్నారు. నిజమే, నాది మూడో తరగతి.

నెలకోసారి జాలీ విప్పి దుమ్ము కడగండి. నాలుగే స్క్రూలు, మీ వల్ల కూడా అవుతుంది.

నా బస్సుకు వేళయింది. పాప ఇవాళ దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. లేపకండి.

ఈ చీటీకి నేను బంక రాయలేదు. మీరు దండగన్న జాలీయే దీన్ని పట్టుకుని ఉంది.